ఎలుగుబంటికి చెప్పిన కథలు

పోయిన నెల హిందూపురం బజారుకు పోయి ఒక మైకు కొనుక్కొచ్చాను. పెళ్లిళ్లలో పాటలు వేసే రకం అనుకునేరు, ఇది చేన్లో కొయ్యకు కట్టేసి వస్తే తనంతట తాను అరుచుకునే రకం. పగలంతా ఎండ తాగుతుంది, పొద్దు గూకింది మొదలు మళ్లీ పొద్దు పొడిచేదాకా అరుస్తుంది. ఒకసారి కుక్కై మొరుగుతుంది, ఒకసారి పులై గాండ్రిస్తుంది, ఒకసారి తుపాకీ పేలుతుంది, ఆ మధ్యలో ఎవరో ఉత్తరాది ఆసామి హిందీలో పో పొమ్మని గదమాయిస్తాడు. మా కొండల్లోని ఎలుగుబంట్లకు తెలుగూ కన్నడమూ సమానంగా వచ్చుగానీ హిందీలో అవి ఇంకా వెనకబడే ఉన్నాయని నేను నా అనుమానం చెప్తే, అంగడాయన నవ్వాపుకోలేక, "అట్లయితే నీ గొంతే ఎక్కించుకోన్నా. రికార్డింగు కూడా ఉండాది ఇందులో. దుడ్లు చూడొద్దు, సౌండు చూడు," అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని బస్సెక్కినవాణ్ని, ఊరు చేరేదాకా పక్కసీటు ఆయనతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నన్ను ఎరిగినవాళ్లు ఇది నమ్మరు. మా ఊళ్లో నాకు కోతలవాడని పేరు, ఆ పేరు కష్టపడి సంపాదించుకున్నదే. అడవి పందులు చేన్లోకి దిగే ముందు ఒక ముసలి పందిని పంపించి కాయ ఊరిందో లేదో రుచి చూపిస్తాయని, అది తల ఆడిస్తేనే మిగిలినవి దిగుతాయని, ఆ ముసలిదానికి మా చేను కాయలు నచ్చక ఒక ఏడు మొత్తం మంద పక్క ఊరికి వెళ్లిపోయిందని, అందుకు నాకు కొంచెం అవమానంగా కూడా అనిపించిందని నేను చెప్తే, టీ అంగడి ముందు కూర్చున్న పెద్దలు కూడా గ్లాసు కింద పెట్టి వినేవాళ్లు. నమ్మి కాదు లెండి. పొద్దుపోవాలి కదా.

ఈ కోతలు నాకు ఎక్కడ అబ్బాయో ఎవరూ అడగలేదు. మంచె మీద వీపు వాల్చిన నా యీడువాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకైనా చెప్పుకోవాలనిపించి కాగితం ముందేసుకున్నాను. ఇంట్లో చెప్పుకుందామంటే మా ఆవిడ ధర్మవరంలో ఉంది. కూతుర్ని అక్కడ మగ్గాల ఇంటికి ఇచ్చాము, దానికి రెండో కాన్పు, ఈమె పోయి నాలుగు నెలలైంది. ఫోన్లో మాట్లాడదామంటే వెనక మగ్గం చప్పుడు, చంటిబిడ్డ ఏడుపు, నా మాట సగంలో ఉండగానే మళ్లీ చేస్తానని పెట్టేస్తుంది.

మా ఊరు గుడిబండ నుంచి రొళ్లకు పోయే దారికి కాస్త లోపలగా, కొండ కింద ఉంటుంది. మా చేను చివర ఫారెస్టువాళ్ల రాతి కంబాలు పాతి ఉంటాయి. వాటికి అవతల అడవి, ఇవతల శెనక్కాయ. ఈ ఏర్పాటు మాకూ ఫారెస్టువాళ్లకూ తెలుసుగానీ ఎలుగుబంటికి ఎవరూ చెప్పలేదు. కొండ మీద సీతాఫలాలు ఉన్నంతకాలం అది తన ఇంటి పట్టున ఉండేది, అవి అయిపోయే వేళకు కింద కాయ ఊరేది, ఆ వాసన పట్టుకుని మబ్బులోనే, అంటే ఇంకా తెల్లారకముందే, చేన్లోకి దిగేది. పందైతే పిల్లాజెల్లాతో వచ్చి దున్నేసి పోతుంది, ఎలుగుబంటి మాత్రం పెద్దమనిషిలాగా ఒక్కటే వచ్చి, సాలు వెంట కూర్చుని, చెట్టు పీకి మట్టి దులుపుకుని తింటుంది. దులపడం నేను చూశాను, ఇది కోత కాదు. పాత చీరలు తెచ్చి చేను చుట్టూ కడితే మనిషి వాసనకు రావని ఆడవాళ్లు కట్టేవాళ్లు. పందులు ఆ చీరల కిందనుంచే దూరిపోయేవి. ధర్మవరం పట్టుచీర కట్టినా పందికి మర్యాద తెలియదని మా అమ్మ విసుక్కునేది.

పెద్దవాళ్లకు తెలిసిన ఉపాయం ఒకటే, గొంతు. ఎలుగుబంటికి మనిషి మీద పగేమీ లేదు, దగ్గరికొచ్చేదాకా మనిషున్నాడని తెలియక ఉలిక్కిపడితేనే మీద పడుతుంది. కాబట్టి మేమిక్కడ ఉన్నామని దానికి తెలుస్తూ ఉండాలి. కాయ ఊరిన నెలన్నర రోజులూ తొలికోడి కూసింది మొదలు ఎండ మొహం కనపడేదాకా మంచెల మీద గొంతు తెగకూడదన్నది మా కొండకింది చేన్లవాళ్ల కట్టడి. పాడగలిగినవాళ్లు పాడేవాళ్లు, పాట రానివాళ్లు బావమరుదులను తిట్టేవాళ్లు, ఏదీ రానివాళ్లు డబ్బా కొట్టేవాళ్లు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, హిందూపురం కాలేజీలో బి.కాం. రెండుసార్లు తప్పి చేనికి దిగినవాణ్ని, పాట రాదు, బావమరుదులు ఇంకా లేరు. అందుకని కథ ఎత్తుకున్నాను. కథకు ఒక చిక్కుంది, అది మీకూ తెలుసు. అవతల ఎవరైనా ఊ కొట్టాలి.

మా పక్క చేను పెద్దనాయనది, మా నాయనకు స్వయానా అన్న. రెండు మంచెలకూ మధ్య కేకేస్తే అందేంత దూరం. అయితే అప్పటికి రెండేళ్లుగా అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. రెండు చేన్ల మధ్య గెనెం, అదే గట్టు, జానెడు ఇటు జరిపినాడని మా నాయన, జరపలేదని పెద్దనాయన. జానెడంటే జానెడే, కొలిస్తే అందులో ఒక బుట్ట శెనక్కాయ పండదు. ఆ జానెడు కోసం మా నాయన పెనుకొండ రెవెన్యూ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగాడో, ఆ ఇంటివాళ్లతో మాట్లాడితే ఇంట్లో సంగటి లేదని నాకు అన్నిసార్లు చెప్పాడు. ఆ ఇంట్లో పిల్లల్లేరు, ఇద్దరే మనుషులు, చిన్నప్పుడు నేను ఎక్కువ తిన్నది పెద్దమ్మ చేతి సంగటే. అయినా మాట మాటే.

అందువల్ల మొదటిరోజు మబ్బులో మంచె మీద నిలబడి, కొండ వైపు తిరిగి, "ఓ ఎలుగ్గొడ్డా, ఇంటాండావా?" అని గట్టిగా అడిగి, ఒక రాజు కథ మొదలుపెట్టాను. రాజుకు ముగ్గురు కొడుకులన్నాను. పక్క మంచె మీదనుంచి, చీకట్లోంచి, నింపాదిగా, "ఊఁ" అని వచ్చింది.

ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదని మీరు గమనించాలి. నేను ఎలుగుబంటికి చెప్పాను, ఆయన ఎలుగుబంటి తరఫున ఊ కొట్టాడు. నాలుగు రోజులయ్యాక మా నాయన చేనికి వస్తూ విన్నాడు.

"ఎవనితో మాట్లాడతాండావురా?"

"ఎలుగ్గొడ్డుతో నాయనా."

"ఆ ఊ అనేదెవరు?"

"అదే నాయనా. మనిషి సావాసం పట్టి నేర్చుకున్యాది."

మా నాయన నన్ను ఎగాదిగా చూసి, పక్క మంచె వైపు తల తిప్పకుండా, తలగుడ్డ విప్పి దులిపి మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు. తలగుడ్డ విప్పినప్పుడు దాని చాటున నవ్వాడనే నేను ఇప్పటికీ అనుకుంటాను.

పెద్దనాయన ఊ కొట్టడంలో ఘనుడు. కథ నడుస్తుంటే చిన్న ఊ, రాజుకు కష్టమొస్తే దీర్ఘం తీసిన ఊ, నేను మరీ కోత కోస్తే ముక్కుతో తోసేసినట్టు ఒక ఊ. తప్పు పట్టాలంటే మాత్రం ఆయనా ఎలుగుబంటికే చెప్పుకునేవాడు. "ఓ ఎలుగ్గొడ్డా, నిన్న రాజుకు ముగ్గురు కొడుకులన్యాడే, ఈపొద్దు నలుగురైనారు. ఆ నాలుగోవాడు యాడినుంచి ఊడిపడినాడో అడుగు." నేను వెనక్కి తగ్గేవాణ్ని కాదు. "రాత్రి పుట్టినాడని చెప్పు ఎలుగ్గొడ్డా. బాలింతకు పథ్యం కూడా పెట్టినారు." అవతల నవ్వు తెర తెరలుగా వచ్చేది, ఆ నవ్వుకు కొండ అంచున ఏదో బరువైనది తుప్పలు తొక్కుకుంటూ పైకి వెళ్లిపోయేది. ఆ ఏడు మా రెండు చేన్లలోనూ ఒక్క చెట్టు పోలేదు. నా కోతలన్నిటికీ బడి అదే, గురువు ఆయనే. ఆయన ఊ కోసమే కథలో లేని కొండలు లేపేవాణ్ని, లేని నదులు పారించేవాణ్ని.

మరుసటి ఏడు కాయ ఊరే వేళకు మా నాయన పెనుకొండ నుంచి మళ్లీ ఉత్త చేతులతో వచ్చాడు. ఆ సాయంత్రం ఇంట్లో పళ్లెం ముందు కూర్చుని, అన్నం ముట్టకుండా, సొంత కొడుకు కూడా తన వైపు లేడని అన్నాడు. ఎవరితోనూ అన్నట్టు కాదు, పళ్లెంతో అన్నట్టు అన్నాడు. నాకది గుచ్చుకుంది. నాయన వైపు ఉన్నాననిపించుకోవాలనిపించింది. చేతిలో ఉన్న ఆయుధం కథ ఒక్కటే.

మర్నాడు మబ్బులో కొత్త కథ ఎత్తుకున్నాను. ఒక ఊళ్లో ఒక పెద్దమనిషి ఏటేటా తమ్ముడి చేనిలోకి గెనెం జానెడు జరిపేవాడంట. ఊఁ అని వచ్చింది, కొంచెం ఆలస్యంగా. జరిపి జరిపి ఆ గెనేనికి నడక అలవాటైందంట. ఊఁ. ఒక తెల్లవారు అది తనంతట తానే లేచి, మట్టి దులుపుకుని, రాతి కంబాలు దాటి కొండెక్కి వెళ్లిపోయిందంట. ఆ పెద్దమనిషి ఇప్పటికీ తన గెనెం యాడుందో, చేను యాడుందో తెలియక కొండల్లో వెతుక్కుంటా తిరగతాండాడంట.

ఇక్కడ ఊ రాలేదు.

ఆగాను. మళ్లీ ఒకసారి, "ఇంటాండావా ఎలుగ్గొడ్డా?" అన్నాను. లేదు. నాకు ముందు భయమేసింది, ఆ భయం వెంటనే రోషమైంది. ఉన్న మాటంటే ఉలుకెందుకు అనుకున్నాను. అలిగితే అలగనీ, నాకు చెప్పుకునేవాళ్లే లేరా అని, మేనమామ ఇచ్చిన ట్రాన్సిస్టరు తీసి బెంగళూరు స్టేషను పెట్టాను. తెల్లవారుజామున కన్నడంలో దేవుడి పాటలు వేసేవాళ్లు. గొంతు తెగకూడదన్న కట్టడి ఉంది కదా, రేడియో గొంతు కూడా గొంతేనని నాకు నేను చెప్పుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది ముప్పై ఏళ్లుగా ఒక్క మనిషికి తప్ప నేను ఎవరికీ చెప్పనిది. పాట మధ్యలో ఓ అని ఒక కేక వినిపించింది. డబ్బా చప్పుడు లాంటిది కూడా. రాజీకి పిలుస్తున్నాడనుకున్నాను. ఇంకొంచెం బతిమాలనీ అనుకుని, రేడియో సౌండు పెంచాను.

ఎండ మొహం చూపించాక, ఏం మొహం పెట్టుకుని కూర్చున్నాడో చూద్దామని మంచె దిగాను. పెద్దనాయన తన మంచె మీద లేడు. గెనేనికి ఇవతల, మా చేన్లో, నా మంచెకు పది పన్నెండు సాళ్ల దూరంలో బోర్లా పడి ఉన్నాడు. పక్కన కట్టె, ఇంకో పక్క నొక్కుకుపోయిన కిరసనాయిలు డబ్బా. చుట్టూ శెనక్కాయ చెట్లు పీకి, మట్టి దులిపి ఉన్నాయి, ఆ వరస కొండ నుంచి నేరుగా నా మంచె వైపుకే వచ్చి ఉంది. నేను తిప్పి చూశాను. చెంప, దవడ ఎక్కడున్నాయో తెలియలేదు. ఊపిరి ఉంది.

ఆయన ఎందుకు ఊ ఆపాడో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఎలుగుబంటి నా మంచె కిందికి రావడం ఎత్తు మీదనుంచి ఆయనకు కనపడింది. నేను కథ పిచ్చిలో కిందికి చూడలేదు. అక్కణ్నుంచి అరిస్తే నేను ఉలిక్కిపడి దిగబోతానని, దిగితే దాని మీదే దిగుతానని, చప్పుడు చేయకుండా తాను దిగి, దగ్గరికొచ్చి డబ్బా కొట్టి దాన్ని తనవైపు తిప్పుకున్నాడు. కొట్లాటకు వచ్చే మనిషి డబ్బా పట్టుకుని రాడు.

నేను కేకలేసే ముందు ఒక పని చేశాను. ఆ డబ్బా తీసి కంబాల అవతల తుప్పల్లోకి విసిరేశాను. డబ్బా కొట్టుంటే నీకెట్లా వినపడలేదని ఎవరైనా అడుగుతారని.

ఆ తర్వాత జనం వచ్చారు. "ఎట్లయిందబ్బా?" అని ఎవరో అడిగారు. నోరు తెరిచాను, కథ దానంతట అదే వచ్చింది. ఆయన మీద ఎలుగ్గొడ్డు పడిందని, నేను మంచె మీదనుంచి దూకి కట్టెతో దాని ముక్కు మీద కొట్టానని, అది నా వైపు నిలబడి చూసి వెనక్కి తిరిగిందని. నా కథలన్నిటిలోకీ జనం నిజంగా నమ్మింది ఆ ఒక్కదాన్నే.

ట్రాక్టరు మీద హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోతుంటే మా నాయన ట్రాలీలో కూర్చుని అన్న తలను ఒళ్లో పెట్టుకున్నాడు. తన తలగుడ్డతోనే ఆయన మొహం ఒత్తిపట్టుకుని, దారి పొడుగునా "అన్నా, అన్నా" అనే మాట తప్ప ఇంకోటి అనలేదు. మూడేళ్లలో ఆయన అన్నతో అన్న మొదటి మాట అది. అక్కణ్నుంచి బెంగళూరు తీసుకుపోయారు. మనిషి దక్కాడు. దవడ సగం పోయింది, మాట పోయింది. అన్నిటికీ ఒక్క ఊ మాత్రం మిగిలింది.

పెద్దమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "నా కుంకుమ నిలబెట్టినావు కదరా నాయనా, నీ కడుపు చల్లగుండ," అని ఏడ్చింది. ఆ వారంలోనే మా నాయన పారతో పోయి గెనెం మొత్తం తవ్వి చదును చేసేశాడు, జానెడు నాదా నీదా అన్న మాటే లేకుండా. నా కొడుకు నా అన్నను కాపాడినాడు, ఇంక గెనెమెందుకు అన్నాడంట ఊళ్లో. ఎవరి వైపు ఉన్నాననిపించుకోవాలని నేను కథ చెప్పానో, ఆ మనిషి మొదటిసారి నా భుజం మీద చెయ్యేసి నడిచాడు. ఆ చెయ్యి బరువు మీకెట్లా చెప్పేది?

పెద్దనాయన ఇంటికొచ్చాక ఫారెస్టు గార్డు పరిహారం కాగితాలు తీసుకుని వచ్చాడు. మనిషి అడవిలోకి పోయి దెబ్బ తిన్నాడా, చేన్లో ఉండగా తిన్నాడా అన్నది రాసుకోవాలి. అరుగు మీద మంచం, మంచం మీద పెద్దనాయన, మొహానికి తువ్వాలు చుట్టుకుని. చుట్టూ ఊరు. నేను చెప్తుంటే గార్డు రాశాడు, నాలుగోసారి చెప్తున్నా కాబట్టి ఎలుగుబంటి అప్పటికి కొంచెం పెరిగింది కూడా. రాసిందంతా చదివి వినిపించి, "ఇంతేనా పెద్దాయనా? నీ తమ్ముని కొడుకు చెప్పింది నిజమేనా?" అని అడిగాడు.

పెద్దనాయన తువ్వాలు పైనుంచి నన్ను చూశాడు. చాలాసేపు కాదు. గార్డు పెన్ను మూత పెట్టుకునేంతసేపు. "ఊఁ" అన్నాడు.

పై ఏడు కాయ ఊరింది. వద్దన్నా వినకుండా పెద్దనాయన తొలికోడికే లేచి తువ్వాలు చుట్టుకుని మంచెక్కాడు. సాయంత్రం వెలుతురులో నేను పనిమీద అటు పోయి చూద్దును కదా, ఆయన మంచె గుంజకు నొక్కుకుపోయిన కిరసనాయిలు డబ్బా వేలాడుతోంది. కంబాల అవతల తుప్పల్లోంచి వెతికి తెచ్చుకున్నాడు. అది దానంతట అది అక్కడికి పోదని ఆయనకు తెలుసు.

మర్నాడు మబ్బులో కొండ వైపు తిరిగి నిలబడ్డాను.

"ఓ ఎలుగ్గొడ్డా, ఇంటాండావా?"

"ఊఁ."

"ఒక ఊళ్లో ఒక కోతల పిల్లోడు ఉన్యాడంట."

"ఊఁ."

"వానికొక పెద్దనాయన. ఒక మబ్బులో ఆయన ఊ ఆపితే, అలిగినాడులే అనుకున్యాడంట వాడు."

"ఊఁ."

"ఓ అని కేక వినపడిందంట. డబ్బా కూడా వినపడిందంట. వినపడినా, రేడియో సౌండు పెంచినాడంట."

ఊ రాలేదు. కొండ మీద కౌజు పిట్టలు ఒకదాన్నొకటి పిలుచుకున్నాయి, ఊళ్లో ఎవరిదో మోటారు ఆన్ అయింది. మంచె అంచు పట్టుకుని నిలబడ్డాను. ఈసారి మాత్రం కళ్లు చించుకుని ఆయన మంచె వైపే చూస్తున్నాను, దిగుతాడేమోనని, పడతాడేమోనని. ఆయన ఆకారం కదల్లేదు. చాలాసేపటికి, చిన్నగా, కథ నడుస్తున్నప్పుడు కొట్టే మామూలు ఊ ఒకటి వచ్చింది.

మిగిలిందంతా చెప్పాను. డబ్బా విసిరింది, జనానికి చెప్పింది, గార్డుకు చెప్పింది. ప్రతి దానికీ ఊ కొట్టాడు. అయిపోయాక ఇంకో కథ ఎత్తుకోకుండా మంచె మీద చతికిలబడ్డాను. అట్లా ఉండగా అవతలనుంచి డబ్బా మీద రెండు దెబ్బలు పడ్డాయి. తర్వాత ఊ, ఈసారి అడిగినట్టుగా, చివర పైకి లేపి. గొంతు తెగితే ఎలుగుబంటి దిగుతుంది కదా. కళ్లు తుడుచుకుని, ఒక రాజుకు నలుగురు కొడుకులని మొదలుపెట్టాను. నాలుగోవాడి దగ్గర ఆయన నవ్వినట్టే వినిపించింది. ఆ మొహంతో ఎట్లా నవ్వాడో నాకు తెలియదు.

మన్నించాడో, కాయ కాపాడుకోవడం ముందనుకున్నాడో నేను అడగలేదు, అడిగినా వచ్చే జవాబు ఒకటే. ఆ తర్వాత పదకొండేళ్లు ఆ మంచె మీద నేను చెప్పిన కథలకు ఆయన ఊ కొట్టాడు. ఊళ్లో ఎవరైనా నా ఎలుగుబంటి కొట్లాట మళ్లీ చెప్పమంటే దానికీ కొట్టేవాడు. మా నాయన చనిపోయేదాకా, పెద్దమ్మ చనిపోయేదాకా ఆ కోత అట్లాగే నిలబడింది. వాళ్లు దాని మీద కూర్చుని కలిసి అన్నం తిన్నారు, దాన్ని నేను ఏ ముఖంతో లాగేస్తాను? ఇప్పుడు మా అమ్మతో సహా ఆ నలుగురూ లేరు. లాగేసినా పడేవాళ్లెవరూ లేరు కాబట్టి మీకు చెప్తున్నాను. మీరు కూడా ఇదొక కోతే అనుకుంటారేమో. అనుకుంటే తప్పు మీది కాదు.

పెద్దనాయన చేను పెద్దమ్మ పుట్టింటివాళ్లకు పోయింది, వాళ్లు సోలారు పలకలకు కౌలుకిచ్చారు. మా నాయన చదును చేసిన చోట ఇప్పుడు ఇనుప కంచె ఉంది, జానెడు కూడా ఎవరూ జరపలేరు. అటుపక్క చేన్లవాళ్ల పిల్లలు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి బస్సులో పోయి వస్తారు, పొద్దున వాళ్ల నిద్ర చెడగొట్టి మంచె ఎక్కమని ఎవరంటారు? కొండకింద శెనక్కాయ పెట్టేవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను, ఎలుగుబంట్లు మాత్రం ఏమీ తగ్గలేదు.

మైకు సంగతికొస్తే, మూడు రోజులు పని చేసింది. నాలుగో రోజుకు ఎలుగుబంటికి దాని వరస బట్టీ వచ్చేసింది. కుక్క తర్వాత పులి, పులి తర్వాత తుపాకీ, ఎవరూ రారు. కొయ్య పక్కనే కూర్చుని పీక్కుని తిని పోయింది. అప్పుడు అంగడాయన మాట గుర్తొచ్చి నా గొంతే ఎక్కించాను. రాజు కథే. మర్నాడు మబ్బులో మంచె ఎక్కి వింటే గానీ నేను చేసిన తప్పు నాకు తెలియలేదు. పాత అలవాటు కొద్దీ ప్రతి మాట తర్వాతా ఊ కోసం ఆగి ఎక్కించాను. చేను మధ్యలోంచి నా గొంతు ఒక రాజుకు నలుగురు కొడుకులంటుంది, ఆగుతుంది. ఎవరూ పలకరు. పలికినా పలకకపోయినా లెక్కలేనట్టు, సరిగ్గా అంతసేపు ఆగి, ముందుకు పోతుంది. అట్లా ముందుకు పోవడం నేను భరించలేకపోయాను. దిగిపోయి ఆపేశాను.

నిన్న మబ్బులో మైకు పెట్టలేదు. నొక్కుకుపోయిన ఆ డబ్బా ఇప్పుడు నా మంచె గుంజకే ఉంది, దాని మీద రెండు దెబ్బలు కొట్టి, నోటితోనే మొదలుపెట్టాను. ఎలుగుబంటి అప్పటికే దిగి ఉంది, సోలారు కంచె పక్కన నల్లగా, కూర్చున్న మనిషంత ఎత్తున. నా గొంతు విని తినడం ఆపింది. ఒక రాజన్నాను. నలుగురు కొడుకులన్నాను. అది తల నా వైపు తిప్పింది. కళ్లు దాని మీదినుంచి తీయకుండా, చాలా ఏళ్ల తర్వాత, మాట ఆపి ఎదురు చూశాను.

అది ఊ కొట్టిందని చెప్తే ఈ కథకు ఎంత అందమొస్తుందో నాకు తెలుసు, టీ అంగడి దగ్గర రేపు ఏడాదంతా దీన్నే చెప్పించుకుంటారు. కొట్టలేదు. కాసేపు చూసి, మట్టి దులుపుకుని, కంబాలు దాటి కొండెక్కి వెళ్లిపోయింది.